మార్కాపురం జయంతి ఊరేగింపులో కార్టర్ వుడ్సన్

ఏప్రిల్ 14న పొద్దున తొమ్మిదికల్లా మార్కాపురంలో ఎండ మాడ పగలగొడుతుంటుంది. అయినా జనం తగ్గరు. తర్లుపాడు వైపు నుంచి, కొనకనమిట్ల వైపు నుంచి ఆటోల్లో కిక్కిరిసి వచ్చినవాళ్లు, ట్రాక్టర్ల మీద నిలబడి వచ్చినవాళ్లు, నీలం కండువాలు, నీలం జెండాలు, డప్పులు, ఆ డప్పుల్ని మింగేసే డీజే. అంబేద్కర్ జయంతి ఊరేగింపులో నేనూ నడిచాను. పక్కన నడుస్తున్న డిగ్రీ కుర్రాడొకడు తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఎక్కడో ఒక చిన్న ఊళ్లో ఫిబ్రవరి నెల నల్లజాతి చరిత్ర ఊరేగింపు అది. బడిపిల్లల బ్యాండు, చర్చి ఆడవాళ్లు, చేతుల్లో తాతముత్తాతల ఫొటోలు, రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని చూస్తున్న ముసలివాళ్లు. అచ్చం మనలాగే ఉన్నారన్నాడు. వాళ్లకు దీన్ని ఎవరు మొదలుపెట్టారని అడిగాడు. డీజే హోరులో నేను చెప్పగలిగింది ఒక్క పేరే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఆ పేరు కార్టర్ గాడ్విన్ వుడ్సన్. 1875 డిసెంబర్ 19న వర్జీనియా రాష్ట్రంలోని న్యూ కాంటన్‌లో పుట్టాడు. అమెరికాలో బానిసత్వాన్ని చట్టం రద్దు చేసి అప్పటికి పదేళ్లే. తల్లి ఆన్ ఎలైజా, తండ్రి జేమ్స్ హెన్రీ ఇద్దరూ ఒకప్పుడు బానిసలే. అంతర్యుద్ధం రోజుల్లో తండ్రి ఉత్తరాది సైన్యం పక్షాన చేరి పనిచేశాడు. ఆయనకు చదువు రాదు. కానీ పొట్టకూటి కోసం ఎవరి ముందూ వంగి నిలబడొద్దని పిల్లలకు నూరిపోసిన మనిషి. ఇంట్లో పిల్లలు చాలామంది, పొలం కొంచెం. బడి ఏడాదికి నాలుగైదు నెలలే నడిచేది. పాఠాలు చెప్పింది ఇద్దరు మేనమామలు. నాలుగు ముక్కలు నేర్చుకున్న పిల్లవాడు సాయంత్రం కూర్చుని తండ్రికి పేపరు చదివి వినిపించేవాడు. మన వాడల్లో మొదటి తరం చదువుకున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వీధిలో వచ్చిన ప్రతి ఉత్తరం, ప్రతి నోటీసు చదివిపెట్టే పని ఆ ఒక్క పిల్లవాడిదే కదా.

1892లో అన్నతో కలిసి వెస్ట్ వర్జీనియాకు పని వెతుక్కుంటూ వెళ్లాడు. మొదట రైలు పట్టాలు వేసే పని. తర్వాత ఫేయెట్ కౌంటీలో నట్టల్‌బర్గ్ బొగ్గు గనులు. పదిహేడేళ్లకు భూమి కిందికి దిగాడు. హార్వర్డ్ కంటే ముందు అతనికి చరిత్ర పాఠం చెప్పింది ఆ గనే. అక్కడ ఆలివర్ జోన్స్ అనే గని కార్మికుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. అక్షరం ముక్క రాదు. అయినా నల్లజాతి రచయితల పుస్తకాలు కొని ఇంట్లో పెట్టుకున్నాడు, పేపర్లు తెప్పించుకున్నాడు. పని దిగిన కార్మికులు ఆ ఇంట్లో చేరేవాళ్లు. పళ్లు, ఐస్‌క్రీం అమ్మేవాడు. ఈ కుర్రాడికి చదవడం వచ్చని తెలియగానే రోజూ వచ్చి అందరికీ చదివి వినిపించమన్నాడు. కూలి డబ్బులు లేవు, తిన్నన్ని పళ్లు, ఐస్‌క్రీం. అలా చదివి వినిపిస్తూ, యుద్ధం చూసి వచ్చిన ముసలివాళ్లు వాదులాడుకునేది వింటూ వుడ్సన్ ఒక సంగతి పట్టుకున్నాడు. వీళ్లు అనుభవించింది ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో ఉన్నది వీళ్లెవరికీ జరగలేదు.

ఇక్కడ కాసేపు మన ఊరి సంగతి. మార్కాపురం అనగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక వయసు దాటినవాళ్లకు గుర్తొచ్చేది పలక. ఈ నేలలోంచి తీసిన నల్లరాయి ముక్కలై, చెక్క చట్రం తొడుక్కుని, ఊరూరి బడికీ వెళ్లింది. అ ఆలు దిద్దినవాళ్లందరూ ఈ రాయి మీదే దిద్దారు. ఆ రాయిని తవ్వినవాళ్లు, కోసినవాళ్లు, దుమ్ము మింగుతూ ఫ్యాక్టరీల్లో చట్రాలు బిగించినవాళ్లు ఎవరు? మన వాడలవాళ్లు, మన పక్క వాడలవాళ్లు. వాళ్లలో పిల్లలు ఎంతమంది ఉండేవాళ్లంటే, 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి దేశంలో కొన్ని పరిశ్రమల్ని ప్రత్యేకంగా ఎంచుకున్నప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుల సరసన మార్కాపురం పలకల పేరు కూడా చేరింది. పలక తయారుచేసే పిల్లకు పలక పట్టుకునే తీరిక లేదు. వుడ్సన్ బొగ్గు గనిలోంచి బయటికొచ్చి మళ్లీ బడిలో చేరింది ఇరవయ్యో ఏట. మన దగ్గర ఆ వయసుకు మళ్లీ బడి గడప తొక్కినవాళ్లు ఎందరున్నారో ఊరేగింపులో ఎవరినడిగినా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు.

1895లో హంటింగ్టన్ పట్టణంలోని డగ్లస్ హైస్కూల్లో చేరి రెండేళ్లలో గట్టెక్కాడు. కూలి చేసుకుంటూ, పంతులుగా పనిచేస్తూ చదివాడు. 1900కల్లా తాను చదివిన ఆ బడికే హెడ్మాస్టర్ అయ్యాడు. 1903లో కెంటకీలోని బెరియా కాలేజీ నుంచి డిగ్రీ వచ్చింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన అరుదైన కాలేజీ అది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్ర శాసనసభ రెండు జాతులూ కలిసి చదవడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. ఒక్క ఏడాది ఆలస్యమైతే వుడ్సన్‌కు ఆ డిగ్రీ ఉండేది కాదు.

తర్వాత ఫిలిప్పీన్స్. అప్పటికి ఆ దీవులు అమెరికా ఏలుబడిలో ఉన్నాయి. 1903 నుంచి 1907 దాకా అక్కడ బడుల్లో పనిచేశాడు. అమెరికా నుంచి దిగిన పంతుళ్లు యాపిల్ చెట్టు ఎరగని పిల్లలకు యాపిల్ చెట్టు పాఠం చెబుతున్నారు. జార్జ్ వాషింగ్టన్ కథ వల్లె వేయిస్తున్నారు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. అక్కడొక పంతులు, పంతులు చదువు చదివినవాడు కాదు, బీమా వ్యాపారం చేసుకుని వచ్చినవాడు, యాపిల్‌ను పక్కనపెట్టి పిల్లలకు తెలిసిన లోంబోయ్ చెట్టుతో పాఠం చెప్పాడు. వాషింగ్టన్ బదులు వాళ్ల హోసే రిజాల్ గురించి చెప్పాడు. బడి నిండింది. వుడ్సన్ ఈ ముచ్చటను పాతికేళ్ల తర్వాత తన పుస్తకంలో రాశాడు. లోంబోయ్ అంటే మరేదో కాదు, మన నేరేడు. నల్లమల అంచున పుట్టిన పిల్లలకు నేరేడు చెట్టుతో పాఠం చెప్పొచ్చన్నమాట వినడానికి చిన్నదే. మన పాఠ్యపుస్తకాల్లో నేరేడు చెట్టుకు ఎంత చోటుందో, మన వాడకు ఎంత చోటుందో చూస్తే అది ఎంత పెద్దదో తెలుస్తుంది.

షికాగో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి హార్వర్డ్‌కు వెళ్లాడు. 1912లో డాక్టరేట్ వచ్చింది. చరిత్రలో హార్వర్డ్ డాక్టరేట్ అందుకున్న నల్లజాతివాళ్లలో రెండోవాడు. మొదటివాడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. అయితే బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కడుపున పుట్టి అంతవరకు వెళ్లింది వుడ్సనే. ఆ చదువు కూడా తీరిగ్గా కూర్చుని చదివింది కాదు. 1909 నుంచి వాషింగ్టన్‌లో హైస్కూలు పిల్లలకు భాషలు, చరిత్ర చెబుతూ, మిగిలిన వేళల్లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కూర్చుని పరిశోధన రాశాడు. నల్లజాతికి చెప్పుకోదగ్గ చరిత్రే లేదని నమ్మే ఆచార్యుల ముందు కూర్చుని తెచ్చుకున్న పట్టా అది.

ఇక ఊరేగింపు దగ్గరికి వద్దాం. 1915 వేసవి. బానిసత్వం రద్దయి యాభై ఏళ్లయిన సందర్భంగా షికాగోలో పెద్ద ఉత్సవం పెట్టారు. రాష్ట్రాల నుంచి నల్లజాతివాళ్లు వేలాదిగా వచ్చారు. లోపల తమ జాతి సాధించినవాటి ప్రదర్శన, బయట చోటు చాలక ఎదురుచూస్తున్న జనం. వుడ్సన్ కూడా అక్కడొక స్టాల్ పెట్టుకుని నిలబడ్డాడు. ఆ ఏడాదే నల్లవాళ్లను రాక్షసులుగా, వాళ్లను చంపే ముఠాను వీరులుగా చూపించిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా దేశమంతా ఆడుతోంది. అధ్యక్షుడి భవనంలో కూడా వేసి చూశారు. ఒకవైపు ఆ సినిమా, ఇంకోవైపు ఈ జనం. పండగ అయిపోతే జనం ఇళ్లకు పోతారు, సినిమా మాత్రం మిగిలిపోతుంది. ఆ లెక్క వుడ్సన్‌కు అర్థమైంది. సెప్టెంబర్ 9న షికాగోలోనే వై.ఎం.సి.ఏ. భవనంలో నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని నీగ్రో జీవిత, చరిత్ర అధ్యయన సంఘాన్ని పెట్టాడు. నీగ్రో అనేది వాళ్లు అప్పుడు తమకు తాము వాడుకున్న మాట, ఇప్పుడు వాడరు. 1916 జనవరికల్లా సంఘం పత్రిక మొదటి సంచిక అచ్చయింది. సంఘంలో డబ్బుల్లేవు. తన జీవిత బీమా మీద అప్పు తెచ్చి అచ్చువేయించాడు.

ఈ సంవత్సరాలను మన సంవత్సరాల పక్కన పెట్టి చూడండి. 1913లో అంబేద్కర్ న్యూయార్క్‌లో దిగి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1916 మే నెలలో అక్కడి సెమినార్‌లో కులం పుట్టుక మీద తన వ్యాసం చదివారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగి, పంచములమని పిలిపించుకోవడం మానేసి ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. ఒకరికొకరు కబురు పెట్టుకుని చేసిన పనులు కావివి. తమ పేరును, తమ పుట్టుకను ఎదుటివాడు రాస్తే ఏమవుతుందో రెండు ఖండాల్లోనూ అనుభవించిన జనం ఒకే కాలంలో కలం లాక్కున్నారు. చాలా ఏళ్ల తర్వాత, 1946లో, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతి పంపమని అంబేద్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అది వేరే కథ.

వుడ్సన్‌ను గది దాటని పండితుడిగా ఊహించుకోవద్దు. 1919 జులైలో వాషింగ్టన్‌లో తెల్లవాళ్ల మూకలు నల్లవాళ్ల మీద పడినప్పుడు ఆయన రోడ్డు మీదే ఉన్నాడు. ఒక దుకాణం నీడలో నక్కి నిలబడి, తన కళ్ల ముందే ఒక నల్లజాతి మనిషిని మూక పట్టుకుని కాల్చడం చూశాడు. కారంచేడు పిల్లలకు, చుండూరు పిల్లలకు ఈ రెండు వాక్యాలు చాలు.

అప్పట్లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో డీన్‌గా ఉన్నాడు. అధ్యక్షుడితో పడక ఏడాదికే బయటికొచ్చాడు. వెస్ట్ వర్జీనియాలో ఇంకో కాలేజీలో రెండేళ్లు. 1922లో అన్నీ వదిలేసి వాషింగ్టన్‌లో నైన్త్ స్ట్రీట్ 1538 నంబరు ఇంటికి చేరాడు. చివరిదాకా అదే ఇల్లు. కింద ఆఫీసు, పుస్తకాల గోదాము, పైన ఆయన మంచం. పెళ్లి చేసుకోలేదు. వేరే ప్రచురణకర్తలు అచ్చువేయని పుస్తకాల కోసం 1921లోనే సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. పుస్తకాల పార్సిళ్లు కట్టడం, పోస్టాఫీసుకు మోయడం కూడా ఆయన పనే.

మనిషి మాత్రం సులువైన మనిషి కాదు. తాను చెప్పిందే జరగాలి. సహాయకులతో చాకిరీ చేయించేవాడు, పొగడ్త నోటివెంట రాదు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కుర్రతనంలో కొన్నాళ్లు ఆయన ఆఫీసులో పనిచేసి, కళ్లు లాగేసే ఆ పేర్ల జాబితాల పనికి తట్టుకోలేక వెళ్లిపోయాడు. చివరికి డుబోయిస్‌తో కూడా సఖ్యత అంతంతమాత్రమే. తెల్ల ధనికుల ఫౌండేషన్లు మొదట్లో డబ్బిచ్చాయి. తర్వాత ఏదో ఒక కాలేజీకి అనుబంధంగా మారమన్నాయి. ఆయన మారలేదు, డబ్బు ఆగింది. అప్పుడు సంఘాన్ని బతికించింది బడిపంతులమ్మలు, చర్చిల చందాలు, డాలరు రెండు డాలర్లు పంపిన మామూలు జనం. ఈ మొండితనం లేకపోతే సంఘం ఉండేది కాదనే నేను అనుకుంటాను. అదే మొండితనం వల్ల సంఘంలో ఎవరూ ఎక్కువకాలం నిలవలేదన్నది కూడా అంతే నిజం. మన సంఘాల్లో ఇలాంటి పెద్దమనుషులు మనకు తెలియనివాళ్లా?

1926 ఫిబ్రవరి రెండో వారాన్ని నీగ్రో చరిత్ర వారంగా జరపమని పిలుపునిచ్చాడు. ఫిబ్రవరే ఎందుకంటే, నల్లజనం అప్పటికే 12న లింకన్ పుట్టినరోజు, 14న ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజు జరుపుకుంటున్నారు. కొత్త పండగ పెడితే ఎవరు వస్తారు? ఉన్న పండగలోకి పుస్తకం పట్టుకెళ్లాడు. బడులకు ఫొటోలు, పాఠాలు, పిల్లలు వేయడానికి నాటికలు పంపాడు. ఊళ్లలో విందులు, ఉపన్యాసాలు, ఊరేగింపులు పుట్టుకొచ్చాయి. ఆ కుర్రాడి ఫోన్‌లో చూసిన వీడియోకు వేరు ఇక్కడుంది. దీనికి రెండేళ్ల తర్వాత, 1928 ఏప్రిల్ 14న, పూనాలో జనార్దన్ సదాశివ్ రణపిసే అనే కార్యకర్త మొదటిసారి అంబేద్కర్ జయంతిని బహిరంగంగా జరిపించాడు. మహాద్ చెరువు నీళ్లు తాగిన మరుసటి ఏడాది. మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో మనం మోసే జెండాకు ఆ రోజుతో చుట్టరికం.

పండగ పెరిగేకొద్దీ వుడ్సన్‌కు దిగులు మొదలైంది. పుస్తకం చదవనివాళ్లు వేదికలెక్కి చరిత్ర చెప్పేస్తున్నారు. వారం పేరు చెప్పుకుని సరుకు అమ్ముకునేవాళ్లు, పేరు కొట్టేసేవాళ్లు తయారయ్యారు. ఆయనకు అసలు ఇద్దరు మహానుభావుల పుట్టినరోజుల దగ్గర ఆగిపోవడమే నచ్చలేదు. చరిత్ర నడిపింది లెక్కలేనంతమంది పేరులేని ఆడవాళ్లు, మగవాళ్లు అని ఆయన పట్టు. ఈ వారం ఏడాది పొడవునా సాగే చదువుగా మారాలని, చివరికి ప్రత్యేకంగా ఒక వారం అక్కర్లేని రోజు రావాలని కోరుకున్నాడు. మార్కాపురం రోడ్డు మీద నడుస్తూ చుట్టూ చూశాను. ఫ్లెక్సీల్లో అంబేద్కర్ ఒక మూలన స్టాంపు బిళ్లంత ఉన్నారు. మిగతా చోటంతా నియోజకవర్గ నాయకుల నవ్వులు. వుడ్సన్ కోప్పడ్డ సంగతి ఇక్కడ ఎవరికీ వివరించే పని లేదు.

1933లో ఆయన రాసిన ‘ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో’ వచ్చింది. నల్లజాతి పిల్లలకు దొరుకుతున్న చదువు వాళ్లను వాళ్ల జనానికే పరాయివాళ్లను చేస్తోందన్నది దాని సారం. చదువుకున్నవాడు వాడ వైపు తిరిగి చూడకపోవడం అతని ఒక్కడి గుణం అనుకుని తిట్టుకుంటాం. అతనికి బడి ఏం నేర్పిందో చూడమంటాడు వుడ్సన్. పీజీ చేస్తున్న మన పిల్లలు చదవాల్సిన పుస్తకమిది.

అంతకంటే నన్ను ఆపే విషయం ఇంకోటి. ఆయన కాగితాలు ఏరాడు. ఇళ్లలో పెట్టెల అడుగున ఉన్న పాత ఉత్తరాలు, విడుదల పత్రాలు, రసీదులు పారేయొద్దని, పంపమని అడిగాడు. అలా పోగైనవాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించాడు. ఇప్పుడు ఎవరైనా నల్లజాతికి చరిత్ర లేదంటే తీసి చూపించడానికి అవి ఉన్నాయి.

మనకేమున్నాయి? కనిగిరి దగ్గర తాళ్లకొండపాడు నుంచి వెళ్లిన మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య, 1866లో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరి, ఈ పడమటి పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. కరువు కాలం గడుస్తుండగా 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. ఈ అంకె మనకు తెలిసింది మిషన్ దొరలు లెక్క రాసుకోబట్టి. పేరయ్య కథ మనకు అందింది మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా 1899లో ఇంగ్లీషులో పుస్తకం రాయబట్టి. ఆమె శ్రద్ధగా రాసింది, కాదనను. కానీ ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టి నడిచినవాళ్ల ఇళ్లలో ఆ కథ చెప్పేవాళ్లు తరానికి కొందరు తగ్గిపోతున్నారు. 1970లో కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాల్ని తీసి ప్రకాశం జిల్లాలో కలిపినప్పుడు రెవెన్యూ రికార్డులు జిల్లా మారాయి. పలకల గనుల్లో దుమ్ము మింగి దగ్గి దగ్గి పోయినవాళ్ల పేర్లు ఏ జిల్లా బీరువాలో వెతకాలి?

వుడ్సన్ 1950 ఏప్రిల్ 3న నైన్త్ స్ట్రీట్ ఇంట్లోనే చనిపోయాడు. డెబ్బయి నాలుగేళ్లు. ఏళ్ల తరబడి తలపెట్టిన ఆఫ్రికన్ జాతుల విజ్ఞాన సర్వస్వం పూర్తికాలేదు. సంఘం మాత్రం ఆగలేదు. 1976లో వారం నెలయింది, దేశాధ్యక్షుడు కూడా జరుపుకోమని ప్రకటించాడు. సంఘం ఈ రోజుకూ పనిచేస్తోంది.

మధ్యాహ్నానికి ఊరేగింపు అంబేద్కర్ విగ్రహం దగ్గరికి చేరింది. దండలు, ఉపన్యాసాలు, మజ్జిగ. అరుగు నీడన కూర్చున్న ఒక పెద్దమ్మ కుర్రాడి ఫోన్‌లో వీడియో చూసి, వాళ్ల చేతుల్లో ఆ ఫొటోలు ఎవరివని అడిగింది. వాళ్ల తాతలవి అన్నాడు. ఆమె తన చేతులు చాపి చూపించింది. ఎనిమిదేళ్ల వయసులో పలకల ఫ్యాక్టరీకి వెళ్లిందట. రోజుకు ఎన్ని చట్రాలు బిగించేదో, ఎంతిచ్చేవాళ్లో, పక్కన కూర్చునే పిల్లల పేర్లేమిటో చెప్పడం మొదలుపెట్టింది. డీజే మోతకు సగం వినపడలేదు. కుర్రాడు ఆమెను చెయ్యి పట్టుకుని పక్క సందులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. జేబులోంచి జయంతి కరపత్రం తీసి, వెనక వైపు తిప్పి, ఆ పిల్లల పేర్లు మొదటినుంచి చెప్పమన్నాడు.